కుడి పక్కన చిన్న గుట్ట

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారానికే మా అమ్మ నా ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది. బాలింత కళ్ళకు పని చెప్పకూడదని మా వైపు పట్టింపు. పుస్తకం చదవకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు, ఫోను చూడకూడదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు పాత నూలు చీర. ఎమ్మిగనూరు ఎండల్లో ఆ గుడ్డ కింద నా తల ఉడికిపోయేది.

"కండ్లు ఇప్పుడు పచ్చిగుంటాయి. ఇప్పుడు ఎత్తి పెట్టుకుంటే నలభై దాటినాక తెలుస్తాది," అంది అమ్మ.

"నాకు కళ్ళద్దాలు ఇప్పటికే ఉన్నాయి కదమ్మా."

"ఉన్నవి సాలవా? ఇంగో జత కావల్నా?"

ఆమె కోపంగా అనలేదు. కానీ తాళంచెవి మాత్రం నడుముకే ఉంచుకుంది. పాపకు స్నానం చేయించడానికి ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడు, కొంగు తడవకుండా తాళాల గుత్తి గూట్లో పెట్టి పోయేది. అదే నాకు దొరికే సమయం. పెరట్లో పాప ఏడుపు, సాంబ్రాణి వాసన, నీళ్ళ చప్పుడు. ఇక్కడ మంచం మీద నేను, ఆ గ్రాఫూ.

ఆ గ్రాఫు గురించి చెప్పాలి. నేను కొలిచేది బంగారాన్ని. మెడలో వేసుకునే బంగారం కాదు. మామూలు బంగారం పరమాణువు లోపల ఉండవలసినన్ని న్యూట్రాన్లు ఉంటాయి కాబట్టే అది తరతరాలు నిలుస్తుంది. యాక్సిలరేటర్‌లో ఒక లోహం మీదికి వేరే పరమాణు కేంద్రకాలను వేగంగా పంపి ఢీకొట్టిస్తే, న్యూట్రాన్లు బాగా తక్కువైన బంగారం పుడుతుంది. అది కొన్ని సెకన్లే ఉంటుంది. తర్వాత కొన్ని కేంద్రకాలు ఒక ఆల్ఫా కణాన్ని బయటికి విసిరి ఇరీడియంగా మారిపోతాయి. ఆ ఆల్ఫా ఎంత శక్తితో వచ్చిందో సిలికాన్ డిటెక్టర్ చెబుతుంది. వచ్చిన వాటన్నిటినీ శక్తిని బట్టి పేర్చుకుంటూ పోతే గ్రాఫులో ఒక శిఖరం లేస్తుంది. ఆ శిఖరం ఎక్కడ ఉందో, ఎంత త్వరగా తరిగిపోతుందో చూసి ఆ బంగారం లోపలి అమరిక గురించి ఏదో ఒకటి చెప్పగలుగుతాం.

పాపను చూడడానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ మా అమ్మను అడిగింది. "మీ కూతురు బంగారం చేసే పని చేస్తాదంట గదా?"

"చేస్తాది. నిలవదు," అంది అమ్మ.

"నిలవకపోతే దేనికి పనికొస్తాది?"

"అదే నేనూ అడుగుతాండా."

శిఖరానికి ఎడమ పక్కన ఎప్పుడూ ఒక తోక ఉంటుంది. దారిలో కొంచెం శక్తి పోగొట్టుకున్న కణాలవి. ఎవరూ పట్టించుకోరు. కానీ మా గ్రాఫులో కుడి పక్కన కూడా ఒక చిన్న గుట్ట ఉంది. కుడి పక్కన ఉందంటే, ఎక్కువ శక్తితో వచ్చినవన్న మాట. శక్తిని పోగొట్టుకోవడం తేలిక. ఎక్కువ తెచ్చుకోవాలంటే కారణం ఉండాలి. అది వేరే ఆల్ఫా కావచ్చు, ఇంతవరకూ ఎవరూ చూడనిది.

మా గైడ్ ఆ గుట్టను చూసి చాలా సంతోషించారు. నా థీసిస్‌లో చివరి అధ్యాయానికి కొత్త విషయం ఒకటి కావాలి. ఈ గుట్ట నిజమైతే అది వచ్చేసినట్టే. ఇంటి దగ్గర కూర్చుని రాసుకుని ఈ ఏడాదిలోనే సమర్పించవచ్చు. నిజం కాకపోతే మళ్ళీ ప్రయోగం చేయాలి. అంటే యాక్సిలరేటర్ ఉన్న ఊరికి రెండు రోజుల రైలు ప్రయాణం, అక్కడ కొన్ని వారాలు. పాప నా పాలే తాగుతుంది. సీసా పెడితే మొహం తిప్పుకుంటుంది. కాబట్టి నాకు ఆ గుట్ట గుట్టగానే ఉండాలి. దాన్ని చూసిన ప్రతిసారీ ఇంకా అక్కడే ఉందా అన్నట్టు చూసేదాన్ని. పాప ఛాతీ లేస్తూ పడుతూ ఉందా అని వంగి చూసేదాన్నీ అలాగే.

ప్రయోగం జరిగినప్పుడు నేను గర్భిణిని. ఆ సంగతి తెలిసిన రోజే చెప్పేశాను కాబట్టి నన్ను యాక్సిలరేటర్ హాల్లోకి రానివ్వలేదు. బయట కౌంటింగ్ రూమ్‌లో కూర్చుని తెర మీద గ్రాఫు పెరగడం చూస్తూ, ఎవరో తెచ్చిపెట్టే నిమ్మకాయ నీళ్ళు తాగుతూ, వాంతి వచ్చినప్పుడల్లా పరుగెత్తుతూ ఉన్నాను. డిటెక్టరూ, పుట్టిన బంగారం వచ్చి వాలే పలుచని రేకులూ బిగించినది నా జూనియర్ అమ్మాయి. రేకులు చేసినది మాత్రం నేనే, అంతకు ముందే, మా ల్యాబ్‌లో.

అయినా పాప మెడ వెనక ఎర్రటి మచ్చ కనిపించగానే నాకు ఆ హాలే గుర్తొచ్చింది. ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటలేదు. మధ్యలో గోడ ఉంది, తలుపు ఉంది, వరండా ఉంది. ఇవన్నీ నేనే జూనియర్లకు పాఠంలా చెప్పినవి. అయినా ఆదోనిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి, నేను చేసే పని ఏమిటో మొత్తం చెప్పి, మచ్చ చూపించాను. చాలామంది పసిపిల్లలకు అక్కడ ఉంటుందని ఆమె అన్నారు. బయటికి వచ్చాక ఇంకోసారి లోపలికి వెళ్ళి అడగాలనిపించింది. మా ఆయన బండి స్టార్ట్ చేసి కూర్చుని ఉన్నారు కాబట్టి అడగలేదు.

ఐదో నెలలో నన్నూ పాపనూ ఆదోనిలో మా అత్తగారింటికి పంపారు. శుక్రవారం ఆడపిల్లను పంపరని గురువారమే బయలుదేరదీశారు. అమ్మ నా ఒడిలో బియ్యం, కొబ్బరి గిన్నెలు, పసుపు కొమ్ములు పోసి, చివరికి బీరువా తెరిచి ల్యాప్‌టాప్ కూడా చేతికిచ్చింది. "ఇంగ మీ అత్త చూసుకుంటాది నీ కండ్ల సంగతి," అంది. నందవరం బస్సు పక్కగా పోయినప్పుడు పాప ఉలిక్కిపడింది. ఆదోని దాకా ఒళ్ళో నిద్రపోలేదు.

మా అత్తగారి ఇల్లు జిన్నింగు మిల్లులకు దూరమేమీ కాదు. పత్తి వచ్చే రోజుల్లో కిటికీ ఇనుప కమ్మీల మీద సన్నని నూగు పేరుకుంటుంది. అది పాప ముక్కులోకి పోతుందేమోనని నేను కిటికీకి తడిగుడ్డ కట్టాను. సాయంత్రానికి ఆ గుడ్డ ఎండిపోతే మా అత్తే తడిపి మళ్ళీ కట్టింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మంత్రాలయం దాటి ఎప్పుడూ పోలేదని మా ఆయన నవ్వుతూ చెప్పేవారు.

అక్కడికి వచ్చిన కొన్నాళ్ళకు గైడ్ ఫోన్ చేశారు.

"పాప ఎలా ఉందమ్మా?"

"బాగుంది సార్."

"వచ్చే వారం సమావేశంలో మన గుట్ట చూపిస్తున్నాను. పేపర్‌లో ప్రయోగం అమరిక గురించిన పేరా నువ్వు రాసి శనివారానికి పంపు. మిగతాది నేను చూసుకుంటాను."

పేరా పెద్దది కాదు. పాపను కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ మోకాళ్ళ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని రాస్తున్నాను. బంగారం వచ్చి వాలేది కార్బన్ రేకు మీద. డిటెక్టర్ దాని ఎదురుగా ఉంటుంది. 'రేకు నుంచి డిటెక్టర్‌కు ఉన్న దూరం' అని రాసి, డ్రాయింగ్‌లో ఉన్న అంకె వేయబోయి ఆగాను.

ఆ రేకులు ఎలా చేస్తామో చెప్పాలి. గాజు పలక మీద కార్బన్ పొర పట్టించి, దాన్ని ఏటవాలుగా, మెల్లగా, నీళ్ళ పళ్ళెంలోకి దించుతాం. పొర గాజును వదిలి నీళ్ళ మీద తేలుతుంది. పాల మీది మీగడ కంటే ఎన్నో రెట్లు పలుచన. ఊపిరి గట్టిగా వదిలితే చిరుగుతుంది. అప్పుడు అల్యూమినియం రింగును దాని కిందికి తోసి పైకి ఎత్తితే పొర రింగు పై ముఖం మీద వాలి ఆరుతుంది. అంటే రేకు రింగు మధ్యలో ఉండదు. ఒక ముఖానికి అంటుకుని ఉంటుంది. రింగు మందం కొన్ని మిల్లీమీటర్లు. రేకు ఉన్న ముఖం డిటెక్టర్ వైపు ఉంటే దూరం ఒకటి. అటు తిరిగి ఉంటే ఇంకొకటి. మామూలు పనిలో ఆ తేడా పెద్దది కాదు. మా పనిలో డిటెక్టర్‌ను వీలైనంత దగ్గరగా జరిపాం, దొరికే కాసిని ఆల్ఫాలు తప్పిపోకూడదని.

డ్రాయింగ్‌లో దూరం రింగు వెనక ముఖం నుంచి చూపించి ఉంది. రేకు ఏ ముఖం మీద ఉందో ఆలోచించకుండా ఆ అంకెనే నేను తీసుకున్నాను. ఆ అంకెతోనే లెక్క కూడా చేశాను.

ఏ లెక్క అంటే, ఇది. ఆల్ఫా వెళ్ళిపోయాక మిగిలిన కేంద్రకం ఒక్కోసారి వెంటనే ఒక ఎలక్ట్రాన్‌ను కూడా విసురుతుంది. ఆల్ఫా, ఎలక్ట్రాన్ రెండూ ఒకే క్షణంలో అదే డిటెక్టర్‌లో పడితే, అది వాటిని రెండుగా చూడలేదు. రెండిటి శక్తినీ కలిపి ఒకే కణంగా లెక్కవేస్తుంది. అలాంటివి శిఖరానికి కుడి పక్కనే చేరతాయి. డిటెక్టర్ దగ్గరయ్యే కొద్దీ రెండూ కలిసి పడే అవకాశం పెరుగుతుంది. నా పాత లెక్క ప్రకారం అలా చేరేవి చాలా తక్కువ, గుట్టకు సరిపోవు. అందుకే గైడ్ కూడా ఒప్పుకున్నారు.

రేకు ఇటు వైపు ఉండి ఉంటే?

పాప కాళ్ళ మీద నిద్రపోయింది. నేను ఊపుతూనే ఉన్నాను.

బిగించాక జూనియర్ అమ్మాయి హాల్లోంచి ఒక ఫోటో పంపిన గుర్తుంది. 'అక్కా, మీ రేకు సేఫ్' అని. నా ఫోనులో వెతికాను. పాప ఆవలింత, పాప పిడికిలి, పాప మొదటి స్నానం, పాప అలిగిన మొహం. వాటికి చోటు సరిపోక పాతవన్నీ తీసేశాను. చివరికి, ఆ ఫోటో అప్పుడే మా ఆయనకు పంపినట్టు గుర్తొచ్చింది. ఆయన బ్యాంకులో ఉన్నారు. ఫోన్ చేశాను.

"నీ ఫోన్లో నా రేకు ఫోటో ఉందా?"

"ఏం రేకు?"

"నల్లగా, గుండ్రంగా. అప్పుడు పంపినా గదా."

"మాడిన అప్పడం మాదిరి ఉన్నదేనా?"

"అదే."

"దానికి నేను 'నూనె ఎక్కువ కాగింది' అని పెడితే నువ్వు రెండు రోజులు మాట్లాడలే. అది యాడికి పోతాది, ఉంటాది. ఇంతకీ దేనికిప్పుడు?"

"పంపు ముందు."

"కౌంటర్లో జనం ఉండారు మే. పంపుతా ఉండు."

పంపడానికి ఆయనకు గంట పట్టింది. ఆ గంటలో నేను పాప గోళ్ళు కత్తిరించాను, కత్తిరించినవే మళ్ళీ చూశాను, వంటింట్లోకి పోయి దేనికి వచ్చానో మరిచిపోయి తిరిగి వచ్చాను. మా అత్త పప్పు ఏరుతూ నన్ను చూస్తోంది. "ఏం తాయీ, పరేషాన్ అయితాండావు?" అంది. "ఏం లేదత్తా," అన్నాను.

ఫోటో వచ్చింది. పెద్దది చేసి చూశాను. డిటెక్టర్ వైపు నుంచి తీసినది. రేకు నునుపుగా, రింగు అంచుతో సమానంగా, లైటు వెలుగులో మెరుస్తోంది. ప్రతి రింగు వెనక ముఖం మీద నేను పెన్నుతో చుక్క పెడతాను. చుక్క ఎక్కడా కనబడలేదు. అంటే వెనక ముఖం అవతలికి ఉంది, రేకు ఇవతలికి ఉంది. జూనియర్ తప్పు ఏమీ చేయలేదు. రేకు ముఖం డిటెక్టర్‌కే చూపించాలి, ఎవరైనా అలాగే బిగిస్తారు. నిజమైన దూరం నేను లెక్కకు తీసుకున్న దానిలో సగం కూడా లేదు.

కొత్త దూరంతో లెక్క మళ్ళీ చేస్తుంటే పాప లేచింది. ఏడుస్తోంది. మా అత్త వచ్చి ఎత్తుకుని, నా వైపు చూడకుండానే, భుజం మీద వేసుకుని వసారాలోకి పోయింది. పాప ఏడుపు వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వస్తూ ఉంది. నా రవిక తడిసింది. లెక్క పూర్తయ్యేసరికి ఎలక్ట్రాన్‌తో కలిసి పడినవే గుట్ట అంత వచ్చాయి.

అయినా వెంటనే ఫోన్ చేయలేదు. శనివారానికి ఇంకా సమయం ఉంది. లెక్కలో నేను వేసుకున్న కొన్ని విలువలు ఊహలే, కొంచెం అటూ ఇటూ చేస్తే గుట్టలో కొంత మిగులుతుంది. కొంత మిగిలితే చాలు కదా. పాపకు పాలు పడుతూ ఆ విలువలను మనసులోనే ఇటు కొంచెం, అటు కొంచెం జరిపి చూశాను. పాప మధ్యలో తాగడం ఆపి నన్ను చూసింది. నేనే కాలు ఊపడం ఆపేసినట్టున్నాను.

మరునాడు పొద్దున జూనియర్ అమ్మాయికి ఫోన్ చేశాను.

"ప్రయోగం చివర్లో డిటెక్టర్‌ను వెనక్కి జరిపి ఒక రన్ తీశారు కదా. అదుందా?"

"ఉందక్కా. అందులో ఏమీ లేదు, కౌంట్లు మరీ తక్కువని పక్కన పెట్టేశాం. పాప బోర్లా పడుతోందా?"

"ఇంకా లేదు. అది పంపు."

"ఎందుకక్కా?"

"ఊరికే."

డిటెక్టర్‌ను వెనక్కి జరిపితే శిఖరమూ చిన్నదవుతుంది, గుట్టా చిన్నదవుతుంది. గుట్ట నిజంగా ఆల్ఫా అయితే రెండూ ఒకే లెక్కన తగ్గాలి. ఆల్ఫా, ఎలక్ట్రాన్ కలిసి పడినవైతే, దూరం నుంచి రెండూ ఒకేసారి తగలడం అరుదు కాబట్టి, గుట్ట దాదాపు మాయమవ్వాలి. ఫైలు తెరిచాను. శిఖరం పొట్టిగా, కానీ శుభ్రంగా ఉంది. గుట్ట నిజమైతే దాని కుడి పక్కన కొన్ని గీతలైనా ఉండాలి. ఏమీ లేదు. తెర మీద దుమ్మేమో అనుకున్న చుక్కను వేలితో తుడిచాను. అది దుమ్మే.

శుక్రవారం మధ్యాహ్నం గైడ్‌కు ఫోన్ చేశాను.

"సార్, కుడి పక్కన గుట్ట ఆల్ఫా కాదండి."

"ఎవరన్నారు?"

"నేనే సార్. రేకు డిటెక్టర్ వైపు ముఖం మీద ఉంది. మనం దూరం ఎక్కువ వేసుకున్నాం."

"డ్రాయింగ్‌లో స్పష్టంగా ఉంది కదమ్మా."

"డ్రాయింగ్ రింగుది సార్. రేకుది కాదు."

అవతల ఫ్యాను చప్పుడు వినబడింది. ఆయన కుర్చీ జరుపుకున్నారు.

"వెనక్కి జరిపిన రన్ చూశావా?"

"చూశాను. గుట్ట లేదు."

"అందులో లెక్కలోకి వచ్చేంత డేటా లేదు."

"తక్కువే సార్. కానీ నిజమైతే కొన్నైనా పడాలి. ఒక్కటీ లేదు."

"సరే," అన్నారు. "సమావేశంలో ఆ స్లైడు తీసేస్తాను. శిఖరం మాత్రమే చూపిస్తాను. అది బాగానే ఉంది." ఆ తర్వాత గొంతు మార్చి, "యాక్సిలరేటర్ వాళ్ళను మళ్ళీ బీమ్ టైమ్ అడుగుతాను. చలికాలంలో ఇస్తారేమో. దూరం మార్చి మార్చి తీయాలి, ఎలక్ట్రాన్‌కు వేరే డిటెక్టర్ పెట్టాలి. నువ్వు రాగలవా?"

"పాప చిన్నది సార్."

"తెలుసమ్మా. రాలేకపోతే తప్పేమీ లేదు. నీ జూనియర్ చేస్తుంది. కానీ అప్పుడు ఆ అధ్యాయం ఆమెది అవుతుంది, అది న్యాయం కదా. నీకు ఇంకో పని చూడాలి. సోమవారానికి చెప్పు."

ఎప్పుడూ ఫోన్ పెట్టేముందు పాప గురించి ఒక మాట అనేవారు. ఆ రోజు అనలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ విన్నారు.

"నువ్వు చెప్పకుంటే వాళ్ళకు తెలిసేదా?"

"ఇప్పుడైతే తెలిసేది కాదు."

"ఇంగెప్పుడు తెలుస్తాది?"

"ఎవరైనా దూరంగా పెట్టి కొలిచినప్పుడు."

ఆయన కాసేపు పాప కాలి వేళ్ళు లాగుతూ కూర్చున్నారు. "నాకు అన్ని వారాలు సెలవియ్యరు," అన్నారు. నేను అడగలేదు కూడా. అడగకముందే ఆయన లెక్క చూసుకున్నారని అర్థమైంది.

ఎమ్మిగనూరుకు ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. "పాలు తాగే బిడ్డను ఎత్తుకొని ఆ సలికి పోతావా? ఆ అమ్మాయికే ఇచ్చేసెయ్. నీ పేరు యాడికి పోతాది?" అంది. పేరు గురించి కాదని చెప్పడానికి మాటలు వెతికాను. ఆ దూరం తప్పు వేసుకున్నది నేను. దాన్ని సరిచేసి చూడవలసింది కూడా నేనే అనిపిస్తోంది, అంతే. అది అమ్మకు చెప్పలేదు. "ఆలోచిస్తున్నా," అన్నాను.

శని, ఆదివారాలు నేను పాపకు సీసా అలవాటు చేయడానికి చూశాను. పాలు పిండి సీసాలో పోసి, రబ్బరు మూతిని వేడినీళ్ళలో ముంచి, నోటికి అందిస్తే నాలుకతో నెట్టేసింది. చెంచాతో పోస్తే సగం మెడ మీదికి కారింది. నేను పక్క గదిలోకి పోయి మా అత్తకు ఇచ్చి చూశాను. తలుపు వెనక నిలబడి విన్నాను. మొదట ఏడుపు, తర్వాత గుటకలు. రెండో గుటకో మూడో గుటకో, తర్వాత మళ్ళీ ఏడుపు.

సోమవారం పొద్దున నేను ఫోను చేతిలో పట్టుకుని వసారాలో కూర్చున్నాను. ఏం రాయాలో తెలియక 'సార్' అని మాత్రం రాసి ఆపాను. మా అత్త పాపను ఎత్తుకుని నా పక్కన వచ్చి కూర్చుంది.

"మా వాడు సెప్పినాడు," అంది. "ఆడ రూము ఇస్తారా?"

"గెస్ట్‌హౌస్ ఉంటుందత్తా."

"సలి ఎక్కువంటనే?"

"ఎక్కువే."

"పాలు కాచుకోనికి స్టవ్ ఉంటాదా? లేకుంటే కరెంటుది మనమే తీసుకపోవల్నా?"

నేను ఆమె మొహం చూశాను. ఆమె పాప చెవి వెనక పాల మరక తుడుస్తోంది.

"మీరొస్తారా అత్తా? రైల్లో రెండు రోజులు."

"నువ్వు పోయి లోపల కూర్చుంటే బిడ్డను ఎవరికిస్తావు, వాచ్‌మెన్‌కిస్తావా?" అంది. "నాకు ఆడి భాష రాదు. బిడ్డకూ రాదు. మేమిద్దరమూ ఉంటాంలే. నువ్వు నడిమధ్యలో వచ్చి పాలిచ్చి పోదువు."

వస్తానని గైడ్‌కు రాశాను. రాత్రి పని వద్దని, పగలు షిఫ్టులు కావాలని కూడా రాశాను. ఆయన 'సరే' అని ఒక్క మాట పంపారు. తర్వాత గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి స్టవ్ సంగతి అడిగాను. గదుల్లో వంట చేయనివ్వరట, క్యాంటీన్‌లో పాలు దొరుకుతాయట.

మా అత్తకు చెప్పాను. "క్యాంటీన్ పాలు వద్దు," అంది. "బయట ఇల్లు ఏదైనా దొరుకుతాదేమో అడుగు. తలుపు తీస్తే మనిషి కనపడేటట్లు ఉండాల."

అక్కడ ఒక ఇల్లు వెతకమని జూనియర్ అమ్మాయిని అడిగాను. ఇల్లు దొరుకుతుందో లేదో తెలియదు, బీమ్ ఇస్తారో లేదో తెలియదు. ఇచ్చినా ఆ బంగారంలో కొత్తది ఏమైనా ఉందో లేదో అసలే తెలియదు. పాప కదిలింది. ఇక్కడ ఆపాలి.